అతిపెద్ద ప్రయాణికుల విమానాలు: గిట్టుబాటు

సాధారణ అమరికలో నాలుగు వందలకు పైగా సీట్లుండి, ఖండాల మధ్య మజిలీ లేకుండా ఎగరగల జెట్ విమానాలను అతిపెద్ద ప్రయాణికుల విమానాలుగా లెక్కిస్తారు. నాలుగు ఇంజన్ల బోయింగ్ 747, ఎయిర్‌బస్ ఎ380 ఈ తరగతిలో ప్రధానమైనవి. అర్ధ శతాబ్దానికి పైగా సాగిన 747 తయారీ 1,574 విమానాల దగ్గర ఆగింది. చివరిది 2023 జనవరిలో అట్లాస్ ఎయిర్ అనే సరుకు రవాణా సంస్థకు చేరింది. ఎ380 తయారీ 251 విమానాలతో 2021 డిసెంబరులోనే ముగిసింది. బోయింగ్, ఎయిర్‌బస్ రెండూ ఇప్పుడు నాలుగు ఇంజన్ల ప్రయాణికుల విమానాలు తయారుచేయడం లేదు. అయినా ఎ380లు నేటికీ కొన్ని మార్గాల్లో నిండుగా ఎగురుతున్నాయి. తయారీదారుకు నష్టం తెచ్చిన విమానం కొన్ని విమానయాన సంస్థలకు లాభం ఎలా తెచ్చిందన్నది ఈ రంగంలో ముఖ్యమైన ప్రశ్న. దీనికి జవాబు విమానం పరిమాణంలో కంటే అది ఎగిరే మార్గంలో ఉంది. ప్రయాణికులు విపరీతంగా ఉండి, సర్వీసుల సంఖ్య పెంచే వీలు లేనిచోట పెద్ద విమానం గిట్టుబాటయింది. ఆ వీలున్న చోట గిట్టుబాటు కాలేదు.

తొలి ప్రయత్నాలు

ఎక్కువ మందిని ఒకేసారి ఎక్కిస్తే తలసరి ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన జెట్ యుగం కంటే పాతది. జర్మనీకి చెందిన డోర్నియర్ సంస్థ పన్నెండు ఇంజన్లతో నిర్మించిన డో-ఎక్స్ అనే నీటి విమానం 1929 అక్టోబరులో 169 మందితో ఎగిరింది. అలాంటివి మొత్తం మూడే తయారయ్యాయి. రెండో ప్రపంచయుద్ధం తరువాత బ్రిటన్ నిర్మించిన బ్రిస్టల్ బ్రబాజన్ 1949లో గాలిలోకి లేచింది. దాని రెక్కల విస్తారం 70 మీటర్లు, ఉద్దేశించిన ప్రయాణికులు మాత్రం వంద మందే. కొనేవారు దొరక్కపోవడంతో 1953లో దాన్ని తుక్కు చేశారు. అంత బరువును చౌకగా మోయగల ఇంజన్లు అప్పటికి రాలేదు. సముద్రాలు దాటి విమానంలో వెళ్లగలిగిన వారి సంఖ్యా తక్కువే. ఇంజను, గిరాకీ రెండూ సిద్ధం కాకముందే పరిమాణం పెంచితే ఏమవుతుందో ఈ రెండు విమానాలు ముందే చూపించాయి.

బోయింగ్ 747

1960లలో జెట్ ప్రయాణాలు వేగంగా పెరిగాయి. అమెరికాకు చెందిన పాన్ యామ్ సంస్థ అధిపతి హువాన్ ట్రిప్, బోయింగ్ 707కు రెండున్నర రెట్లు పెద్దదైన విమానం కావాలని ఆ తయారీ సంస్థను అడిగాడు. 1966 ఏప్రిల్‌లో 25 విమానాలకు 52.5 కోట్ల డాలర్ల ఆర్డరు ఇచ్చాడు. ముఖ్య ఇంజనీరు జో సట్టర్ బృందం రూపొందించిన 747 మొదటిసారి 1969 ఫిబ్రవరి 9న ఎగిరింది. 1970 జనవరి 22న న్యూయార్క్ - లండన్ మార్గంలో ప్రయాణికుల సేవలోకి వచ్చింది. ధ్వని వేగాన్ని మించిన విమానాలు వచ్చాక ప్రయాణికులు వాటివైపు పోతారని, అప్పుడు 747లు సరుకు మోయాల్సి వస్తుందని బోయింగ్ అనుకుంది. ముక్కు భాగాన్ని తెరిచి సరుకు ఎక్కించే వీలుండాలని పైలట్ల గదిని పైఅంతస్తులో పెట్టింది. 747 ముందుభాగం పైన కనిపించే మూపురంలాంటి ఉబ్బు అలా వచ్చింది.

ఆరంభం లాభసాటిగా సాగలేదు. 1970ల మొదట్లో వచ్చిన ఆర్థిక మాంద్యం, 1973 చమురు సంక్షోభం కలిసి సీట్లు ఖాళీగా మిగిలేలా చేశాయి. కొన్ని అమెరికా సంస్థలు సీట్లు తీసి అక్కడ విశ్రాంతి గదులు ఏర్పాటుచేశాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎలక్ట్రిక్ పియానో కూడా పెట్టింది. డెల్టా సంస్థ తన 747లను 1970లలోనే వదులుకుంది.

అలాంటి విమానం తరువాత అంతగా అమ్ముడుపోవడానికి ప్రధాన కారణం అది ఎగరగల దూరం. పసిఫిక్ మహాసముద్రాన్ని ఒక్క దూకులో దాటగల విమానాలు చాలాకాలం వేళ్లమీద లెక్కించదగ్గవే. 1989లో సేవలోకి వచ్చిన 747-400 ఇద్దరు పైలట్లతోనే 13 వేల కిలోమీటర్లకు పైగా ఎగరగలిగింది. చాలా సంస్థలకు కావలసింది ఆ దూరమే. నాలుగు వందల సీట్లు దానితోపాటు వచ్చాయి. అంతే దూరం ఎగిరే చిన్న విమానం వచ్చినరోజు ఆ సంస్థలు 747ను విడిచిపెట్టడం ఖాయమన్న సంగతి 747-400 అమ్మకాలు జోరుగా ఉన్న రోజుల్లో ఎవరూ పెద్దగా గమనించలేదు.

సీటు ఖర్చు, ప్రయాణ ఖర్చు

విమానం ఖర్చును రెండు రకాలుగా కొలుస్తారు. ఒక సీటును ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి అయ్యేది సీటు ఖర్చు. విమానం ఒకసారి వెళ్లడానికి అయ్యే మొత్తం ప్రయాణ ఖర్చు. విమానం పెద్దదైతే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఎ380ను నడపడానికీ ఇద్దరు పైలట్లే చాలు. ఒకసారి దిగే వీలు, ఒక గేటు, కంట్రోల్ టవరుతో ఒకసారి సంప్రదింపు ఐదు వందల మందికి సరిపోతాయి. సీటు ఖర్చు తగ్గేది ఇందువల్లే.

సీటు ఖర్చు తక్కువన్నది అన్ని సీట్లూ నిండినప్పుడే నిజం. ఊహాత్మక అంకెలతో చూద్దాం. 300 సీట్ల విమానం ఒకసారి వెళ్లడానికి కోటి రూపాయలు, 500 సీట్ల విమానానికి కోటిన్నర అవుతాయనుకుంటే సీటు ఖర్చు మొదటిదానిలో 33,333 రూపాయలు, రెండోదానిలో 30,000. చిన్న విమానంలో 270 మంది ఎక్కితే తలసరి ఖర్చు దాదాపు 37,000. పెద్ద విమానంలో 400 మంది ఎక్కితే 37,500. అంటే నాలుగు వందల మంది ఎక్కినా పెద్ద విమానానికి ఆధిక్యం మిగల్లేదు. పైగా ఆ అదనపు ప్రయాణికులను రప్పించడానికి టికెట్ ధర తగ్గించాల్సి వస్తుంది. పెద్ద విమానంలో చివరి వంద సీట్లు ఎప్పుడూ తక్కువ ధరకే అమ్ముడుపోతాయి. గిరాకీ పడిపోయిన నెలల్లో చిన్న విమానాల సంస్థ ఒక సర్వీసును రద్దు చేసుకుని ఖర్చు తగ్గించుకుంటుంది. ఒకే పెద్ద విమానం నడిపే సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు.

బరువు విషయంలోనూ పరిమాణం పూర్తిగా కలిసిరాదు. ఆకారాన్ని అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే రెక్క వైశాల్యం వర్గంలో, బరువు ఘనంలో పెరుగుతాయి. ఎ380 రెక్కల విస్తారం 80 మీటర్లకు మించకూడదని విమానాశ్రయాలు హద్దు పెట్టాయి. అందువల్ల దాని రెక్క సన్నగా, పొడవుగా కాక వెడల్పుగా తయారైంది. గాలిలో తేలికగా సాగడానికి పొడవాటి సన్నని రెక్క మేలు. రెక్క విస్తారాన్ని దాని సగటు వెడల్పుతో భాగిస్తే ఎ380కి ఏడున్నర వస్తుంది, కొత్త తరం ఎ350కి తొమ్మిది దాటుతుంది. మున్ముందు మరింత పొడవైన రకం వస్తుందన్న ఆలోచనతో ఎ380 రెక్కను అవసరానికి మించి పెద్దదిగా కట్టారు. ఆ రకం రానేలేదు, అదనపు బరువు మాత్రం ప్రతి ప్రయాణంలోనూ మోయవలసి వచ్చింది. ఎ380 ఖాళీ బరువు సుమారు 277 టన్నులు. 525 సీట్ల అమరికలో సీటుకు అర టన్నుకు మించి పడుతుంది. సుమారు 168 టన్నుల బోయింగ్ 777-300ఈఆర్‌ను 350 సీట్లతో లెక్కిస్తే సీటుకు 480 కిలోలు.

రెండు ఇంజన్ల పోటీ

రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే రెండోదాని మీద దగ్గరి విమానాశ్రయానికి చేరగలగాలి. ఆ చేరే సమయానికి నియమాలు పరిమితి విధించడంతో మహాసముద్రాల మార్గాలు చాలాకాలం మూడు, నాలుగు ఇంజన్ల విమానాలకే దక్కాయి. ఇంజన్ల నమ్మకం పెరిగేకొద్దీ ఈ హద్దు సడలింది. 1985లో 120 నిమిషాలు, 1980ల చివరికి 180 నిమిషాలు, తరువాత కొన్ని రకాలకు ఐదు గంటలకు పైగా అనుమతి లభించింది. నాలుగు ఇంజన్ల విమానానికి ఉన్న ప్రత్యేక హక్కు ఈ ఒక్క మార్పుతో పోయింది.

2004లో ఎయిర్ ఫ్రాన్స్ ద్వారా సేవలోకి వచ్చిన 777-300ఈఆర్, పాత 747 ఎంతమందిని మోసేదో దాదాపు అంతమందిని రెండు ఇంజన్లతో మోసింది. రెండు ఇంజన్లు తగ్గితే ఇంధనంతోపాటు మరమ్మతు, విడిభాగాల ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. 2011లో బోయింగ్ 787, 2015లో ఎయిర్‌బస్ ఎ350 వచ్చాయి. కార్బన్ ఫైబర్ దేహం, కొత్త ఇంజన్లు ఉన్న ఈ విమానాలు 250 నుంచి 370 సీట్లతోనే ఎ380 సీటు ఖర్చుకు దీటుగా నిలిచాయి. ఎ380 ఇంజన్లు ఈ కొత్త తరం కంటే సరిగ్గా ఒక మెట్టు పాతవి. పెద్ద విమానానికి ఉన్న ఒకే ఒక్క ఆకర్షణ తక్కువ సీటు ఖర్చు. అది చిన్న విమానానికీ దొరికాక, ఐదు వందల సీట్లు నింపే భారం ఎందుకు మోయాలన్న ప్రశ్న ప్రతి సంస్థ ముందూ నిలిచింది.

సర్వీసుల సంఖ్య

ప్రయాణికుడికి గమ్యంతోపాటు సమయమూ ముఖ్యం. హైదరాబాదు నుంచి విజయవాడకు రోజుకు ఒకే ఒక్క పెద్ద బస్సు కంటే గంటకొక మామూలు బస్సు నడిపే సంస్థనే జనం ఎంచుకుంటారు. విమాన ప్రయాణంలోనూ అంతే. అందులోనూ ఎక్కువ ధర చెల్లించే వ్యాపార ప్రయాణికులకు తమకు అనువైన వేళ బయలుదేరడం చాలా ముఖ్యం. ఒక మార్గంలో ఎక్కువ సర్వీసులు నడిపే సంస్థకు దాని సీట్ల వాటాను మించిన ఆదాయ వాటా దక్కుతుందని విమానయాన ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. అమెరికాలో ఒక్క ప్రయాణికుల విమానయాన సంస్థ కూడా ఎ380 కొనకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ దేశపు సంస్థలకు అనేక నగరాల్లో హబ్‌లు, అంటే ప్రయాణికులు విమానం మారే కేంద్రాలు, ఉన్నాయి. ప్రయాణికులు వాటి మధ్య పంచుకుపోతారు.

దీనికి మినహాయింపూ ఉంది. సుదూర మార్గాల్లో కాలమానాల తేడా, రాత్రివేళ కొన్ని విమానాశ్రయాల్లో ఉండే నిషేధం కలిసి, బయలుదేరడానికి అనువైన సమయాన్ని రెండు మూడు గంటలకు కుదిస్తాయి. అర్ధరాత్రి ప్రాంతంలో ఆసియా నుంచి ఐరోపాకు వెళ్లే విమానాలు ఇందుకు ఉదాహరణ. అలాంటి వేళ రెండు విమానాలను వెంటవెంటనే పంపేకంటే ఒకే పెద్ద విమానం పంపడం చౌక.

విమానాశ్రయాల పాత్ర

లండన్ హీత్రూలో రెండే రన్‌వేలున్నాయి. ఏడాదికి 4,80,000 రాకపోకలకు మించి అనుమతి లేదు. దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయాన్ని స్లాట్ అంటారు. అక్కడ ఒక జత స్లాట్ల కోసం ఒమన్ ఎయిర్ 7.5 కోట్ల డాలర్లు చెల్లించినట్లు 2016లో వార్తలు వచ్చాయి. కొత్త స్లాట్ దొరకని అలాంటి చోట ఉన్న స్లాటులోనే ఎక్కువ మందిని తీసుకెళ్లడం తప్ప సంస్థకు ఎదిగే దారి లేదు. ఎ380కు హీత్రూ కేంద్రస్థానాల్లో ఒకటి కావడానికి ఇదే కారణం.

ఎ380ను దింపాలంటే విమానాశ్రయం కూడా ఖర్చుపెట్టాలి. వెడల్పైన టాక్సీవేలు, రెండు అంతస్తులకూ అందే ఏరోబ్రిడ్జిలు, ఐదు వందల మంది ఒకేసారి దిగినా తట్టుకునే లగేజీ బెల్టులు, ఇమిగ్రేషన్ వరుసలు అవసరం. ఇవన్నీ ఉన్న విమానాశ్రయాలు ప్రపంచంలో కొన్నే కావడంతో ఒక మార్గంలో గిరాకీ పడిపోతే విమానాన్ని మరో మార్గానికి మళ్లించడం కష్టమైంది. పెద్ద విమానం వెనుక లేచే గాలి సుడుల వల్ల తరువాతి విమానం ఎక్కువ దూరం పాటించాలి. అంటే స్లాట్ ఆదా చేయడం కోసం తెచ్చిన విమానం రన్‌వే సమయాన్ని కొంత తానే తినేస్తుంది.

సరుకు రాబడి

సుదూర విమానాల రాబడిలో పొట్ట భాగంలో మోసే సరుకుది చెప్పుకోదగ్గ వాటా. ఎ380లో రెండు అంతస్తుల ప్రయాణికుల లగేజీ అంతా ఒకే కింది గదిలోకి చేరాలి. ప్రామాణిక కంటైనర్లు ఎ380లో 38 పడితే, 777-300ఈఆర్‌లో 44 పడతాయి. ప్రయాణికుల పెట్టెలు పోగా అమ్ముకోవడానికి మిగిలే చోటు ఎ380లో చాలా తక్కువ. పూర్తి సరుకు విమానంగా ఎ380 రకాన్ని ఫెడెక్స్, యూపీఎస్ సంస్థలు పదేసి చొప్పున కోరాయి. ఆలస్యాలు భరించలేక 2006 చివర ఒకటి, 2007 మొదట్లో మరొకటి ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. దాంతో ఆ రకం ఆగిపోయింది. 747కు సరుకు మార్కెట్టు ఆయుష్షు పెంచింది. చివరి రకమైన 747-8లో తయారైన 155 విమానాల్లో 107 సరుకువే. ఎ380కు ఆ రెండో జీవితం దక్కలేదు.

ఎ380 ప్రాజెక్టు

1990లలో బోయింగ్, ఎయిర్‌బస్ భాగస్వాములు అతిపెద్ద విమానాన్ని కలిసి కట్టే విషయం కొంతకాలం పరిశీలించి విడిపోయాయి. ఆ తరువాత రెండింటి అంచనాలు వేర్వేరు దారులు పట్టాయి. ప్రయాణికులు పెద్ద హబ్‌ల మధ్యే ఎక్కువగా తిరుగుతారని, రద్దీ పెద్ద విమానాలను తప్పనిసరి చేస్తుందని ఎయిర్‌బస్ నమ్మింది. ఇరవై ఏళ్లలో ఈ తరగతి ప్రయాణికుల విమానాలు 1,200కు పైగా అమ్ముడవుతాయని లెక్కవేసింది. బోయింగ్ అంచనా కొన్ని వందలే. నగరం నుంచి నగరానికి నేరుగా వెళ్లాలనే ప్రయాణికులు కోరుకుంటారని నమ్మిన బోయింగ్ 787 మీద డబ్బు పెట్టింది.

ఎ380 ప్రాజెక్టును 2000 డిసెంబరు 19న ప్రారంభించారు. అభివృద్ధికి సుమారు 950 కోట్ల యూరోలు చాలనుకున్నారు. విమానం 2005 ఏప్రిల్ 27న తూలూజ్‌లో తొలిసారి ఎగిరింది. ఆ తరువాత వైరింగ్‌లో చిక్కొచ్చింది. ఒక్కో విమానంలో వందల కిలోమీటర్ల వైర్లుంటాయి. జర్మనీ, ఫ్రాన్స్ కేంద్రాలు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడటంతో వైర్లు బిగించేటప్పుడు పొడవులు చాలలేదు. అప్పగింతలు దాదాపు రెండేళ్లు వెనుకబడ్డాయి. 2006 జూన్‌లో మాతృసంస్థ ఈఏడీఎస్ షేరు ఒక్కరోజులో పావు వంతు పడింది, ఉన్నతాధికారులు రాజీనామా చేశారు. పెట్టుబడి తిరిగిరావడానికి అమ్మాల్సిన విమానాల సంఖ్య సుమారు 270 నుంచి 420కి పెరిగిందని ఆ ఏడాదే ఎయిర్‌బస్ ప్రకటించింది. ప్రాజెక్టు మొత్తం ఖర్చు 2,500 కోట్ల యూరోల దాకా చేరిందని తరువాతి అంచనాలు. అమ్ముడైనవి 251.

తొలి విమానం 2007 అక్టోబరు 15న సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందింది. అదే నెల 25న సింగపూర్ - సిడ్నీ మధ్య మొదటి వాణిజ్య ప్రయాణం జరిగింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. 2019 ఫిబ్రవరి 14న, ఎమిరేట్స్ తన ఆర్డరులో 39 విమానాలు తగ్గించుకోవడంతో, తయారీ ఆపేస్తున్నట్లు ఎయిర్‌బస్ ప్రకటించింది. కొత్త ఇంజన్లతో ఎ380ను నవీకరించమని ఎమిరేట్స్ ఏళ్ల తరబడి కోరింది. దాదాపు ఒకే ఒక్క సంస్థ కోసం అంత ఖర్చు పెట్టడానికి ఎయిర్‌బస్, ఇంజన్ తయారీదారులు ముందుకు రాలేదు.

సంస్థల అనుభవం

ఎ380ల్లో దాదాపు సగం, అంటే 123, ఒక్క ఎమిరేట్స్ తీసుకుంది. ఆసియా, ఆఫ్రికా, ఐరోపాలకు మధ్యనున్న దుబాయిలో దిగి మరో విమానం ఎక్కే ప్రయాణికులే దాని బలం. అనేక ఊళ్ల నుంచి వచ్చినవారు కొన్ని గంటల వ్యవధిలో దుబాయిలో కలిసి మళ్లీ విడిపోతారు. ఒక్క నగరం నింపలేని పెద్ద విమానాన్ని యాభై నగరాలు కలిసి నింపుతాయి. దుబాయి విమానాశ్రయంలోనూ రెండే రన్‌వేలుండటంతో స్లాట్ల కొరత ఎక్కువ. 2013లో అక్కడ ఎ380ల కోసమే ప్రత్యేకంగా ఒక కాన్‌కోర్స్ తెరిచారు. వందకు పైగా ఒకే రకం విమానాలుండటంతో పైలట్ల శిక్షణ, విడిభాగాలు, మరమ్మతు ఖర్చులు అన్నిటికీ పంచుకుపోయాయి.

పది, పన్నెండు మాత్రమే కొన్న సంస్థలకు ఆ సౌలభ్యం లేదు. ఎయిర్ ఫ్రాన్స్ తన పది విమానాలను 2020 మేలో విరమించుకుంది. మలేషియా ఎయిర్‌లైన్స్, థాయ్ ఎయిర్‌వేస్ ఆరేసి కొని నింపలేక ఇబ్బందిపడ్డాయి. చైనా సదరన్ తీసుకున్నది ఐదే, అవీ 2022లో ఆగిపోయాయి. స్లాట్లు దొరకని హీత్రూ నుంచి నడిపే బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన పన్నెండింటినీ ఇప్పటికీ నిలుపుకుంది.

సర్వీసులు పెంచే వీలు లేనిచోటే పెద్ద విమానం గిట్టుబాటవుతుందన్న సూత్రానికి జపాన్ అనుభవం మంచి రుజువు. టోక్యో హనేడా విమానాశ్రయంలో రన్‌వేలు చాలనంత కాలం జపాన్ ఎయిర్‌లైన్స్, ఏఎన్ఏ సంస్థలు దేశీయ మార్గాల్లో సైతం ఐదు వందలకు పైగా సీట్ల 747లు నడిపాయి. గంటన్నర ప్రయాణాలకు అంత పెద్ద విమానాలు వాడిన దేశం దాదాపు మరొకటి లేదు. 2010 అక్టోబరులో హనేడాలో నాలుగో రన్‌వే తెరుచుకుంది. 2011లో జపాన్ ఎయిర్‌లైన్స్, 2014లో ఏఎన్ఏ తమ 747లకు వీడ్కోలు చెప్పాయి. ఇంధన ధరలూ, కొత్త విమానాల రాకా తోడైనా, రన్‌వే కొరత తీరడంతోనే పెద్ద విమానం అవసరం తగ్గిన తీరు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పాత విమానం విలువ

విమానం కొన్నప్పుడే దాన్ని పదేళ్ల తరువాత ఎంతకు అమ్మగలమన్నది లెక్కవేసుకుంటారు. ఎ380 ఇక్కడే గట్టి దెబ్బ తిన్నది. కొత్తగా కొన్న సంస్థలు పద్నాలుగు. పాతది కొనడానికి ఆసక్తి చూపినవారు దాదాపు లేరు. ప్రతి సంస్థ లోపలి అమరికను తనకు నచ్చినట్లు చేయించుకోవడంతో మరొకరికి మార్చివ్వడం భారీ ఖర్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మొదటి విమానాలను పదేళ్ల లీజు ముగియగానే 2017 నుంచి తిరిగి ఇచ్చేసింది. వాటిలో తొలి రెండింటిని ఫ్రాన్స్‌లోని తార్బ్ వద్ద విడగొట్టి విడిభాగాలుగా అమ్మారు. పోర్చుగల్‌కు చెందిన హై ఫ్లై సంస్థ ఒక పాత ఎ380ను 2018లో తీసుకుని రెండేళ్లకే వదిలేసింది. పదేళ్ల వయసులోనే తుక్కు ధర పలికే విమానంపై అప్పిచ్చేవారు వెనుకాడటం సహజం.

భారతదేశంలో

ఎయిర్ ఇండియా 1971లో ఎంపరర్ అశోక అనే తన మొదటి 747ను తెచ్చుకుంది. గల్ఫ్, ఐరోపా, అమెరికా మార్గాల్లో ఈ జంబో జెట్లు దశాబ్దాలపాటు సంస్థకు గుర్తింపు తెచ్చాయి. ఎ380ను మాత్రం ఏ భారతీయ సంస్థా నడపలేదు. కింగ్‌ఫిషర్ 2005లో ఐదింటికి ఆర్డరు ఇచ్చినా అవి రాకముందే ఆ సంస్థ మూతపడింది. విదేశీ సంస్థల ఎ380లకు 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం అనుమతినిచ్చింది. అందుకు ఎంపిక చేసిన నాలుగు విమానాశ్రయాల్లో ఢిల్లీ, ముంబై, బెంగళూరుతోపాటు హైదరాబాదు ఉంది. ఆ ఏడాది మే నెలాఖరున సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఢిల్లీ, ముంబైలకు సర్వీసు ప్రారంభించింది. తరువాత ఎమిరేట్స్ ముంబైకి, 2022లో బెంగళూరుకు ఎ380ను తెచ్చింది.

శంషాబాదులో 4,260 మీటర్ల రన్‌వే ఉంది, గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లే తెలుగువారికీ కొదవ లేదు. ఎ380 సాధారణ సర్వీసు మాత్రం అక్కడికి రాలేదు. భారత్, దుబాయి మధ్య ఒప్పందం పరిమితం చేసేది విమానాల సంఖ్యను కాదు, వారానికి ఒక్కో పక్షం అమ్మగల సీట్లను. ఆ హద్దు సుమారు 66 వేలు. హీత్రూలో స్లాట్ కొరత పెద్ద విమానాన్ని లాభసాటి చేస్తే, ఇక్కడ సీట్ల కొరత దాని ఉపయోగాన్ని తగ్గిస్తుంది. ఉన్న సీట్లను అనేక నగరాలకు, అనేక వేళలకు పంచడమే సంస్థకు మేలు. అందువల్ల కరీంనగర్ నుంచో గోదావరి జిల్లాల నుంచో బయలుదేరినవారు హైదరాబాదులో చిన్న విమానం ఎక్కి, దుబాయి దాకా వెళ్లాకే ఎ380లో అడుగుపెడతారు. మరోపక్క బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి, లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 787లతో హైదరాబాదుకు నేరుగా వస్తున్నాయి. నాలుగు వందల సీట్లు రోజూ నిండని నగరానికి మూడు వందల లోపు సీట్ల విమానం నేరుగా దారి తెరిచింది. సుదూర ప్రయాణాల తీరును మార్చిన విమానం తెలుగువారికి సంబంధించినంతవరకు 787 తరగతిదే.

కోవిడ్ తరువాత

2020లో ప్రయాణాలు స్తంభించినప్పుడు ముందుగా నేలకు దిగినవి నాలుగు ఇంజన్ల విమానాలే. బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ ఆ ఏడాదే 747లకు స్వస్తి పలికాయి. ఎ380 కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. రెండేళ్లలో గిరాకీ ఊహించని వేగంతో తిరిగొచ్చింది. బోయింగ్ 777-9 రాక ఏళ్ల తరబడి వాయిదా పడింది, కొత్త విమానాలు వేళకు అందలేదు. లుఫ్తాన్సా, ఎతిహాద్ వాడకుండా పక్కన నిలిపి ఉంచిన ఎ380లను 2023లో బయటికి తీశాయి. ఎ350ల పైపూతలో వచ్చిన సమస్యతో విమానాలు చాలక కతార్ ఎయిర్‌వేస్ అంతకుముందే 2021లో తన ఎ380లను మళ్లీ ఎగరేసింది. తన ఎ380లను 2040 ప్రాంతం వరకూ నడపాలని ఎమిరేట్స్ భావిస్తోంది.

ఈ పునరాగమనం ఎ380 మంచి పెట్టుబడి అని నిరూపించదు. కొన్న ఖర్చు చాలావరకు లెక్కల్లో తగ్గించేసిన విమానాన్ని, సీట్లకు ధర పలుకుతున్న రోజుల్లో నడపడం లాభమే. అదే విమానాన్ని కొత్తగా 40 కోట్ల డాలర్లకు పైబడిన జాబితా ధరకు కొనడం వేరే సంగతి.

ముందున్న దారి

747, ఎ380ల స్థానంలోకి వస్తున్న 777-9 రెండు ఇంజన్లతో సుమారు 426 మందిని మోస్తుంది. సుమారు 72 మీటర్ల రెక్కల కొసలు గేటు దగ్గర మడుచుకుని 65 మీటర్ల లోపుకు వస్తాయి. ఎ380కు అవసరమైన విమానాశ్రయ మార్పులు దీనికి అక్కర్లేదు. మొదట 2020కి అనుకున్న అప్పగింత 2027కు వాయిదా పడింది. ఎయిర్ ఇండియా 2023లో ఈ రకానికి పది ఆర్డర్లిచ్చింది. సుదూర మార్గాల కోసం అది, ఇండిగో ప్రధానంగా ఎంచుకున్నవి మాత్రం ఎ350లు.

మదింపు

అతిపెద్ద విమానం లాభసాటి కావాలంటే నాలుగు షరతులు ఒకేచోట కలవాలి. ఏడాది పొడవునా ఐదు వందల సీట్లు మంచి ధరకు నిండాలి. అదే మార్గంలో మరో సర్వీసు వేసే వీలు ఉండకూడదు. ఆ రకం విమానాలు సంస్థ దగ్గర పదుల సంఖ్యలో ఉండాలి. పోటీ విమానం ఇంజను అంతకంటే కొత్త తరానిది కాకూడదు. ఎమిరేట్స్‌కు మొదటి మూడూ కలిసొచ్చాయి. మిగిలిన చాలా సంస్థలకు ఒకటి రెండే ఉన్నాయి. నాలుగోది ఎ380 సేవలోకి వచ్చిన నాలుగేళ్లకే 787తో చేజారింది.

ఇంజనీరింగ్ ఘనతగా ఎ380కు సాటి తక్కువ. ప్రయాణికులు దాన్ని ప్రేమించారు. దాని నిశ్శబ్దం, విశాలత సుదూర ప్రయాణానికి కొత్త ప్రమాణం నెలకొల్పాయి. ఆ ప్రేమ టికెట్ ధరలోకి మాత్రం తగినంతగా మారలేదు. ప్రపంచంలో రద్దీ పెరుగుతుందన్న ఎయిర్‌బస్ అంచనా తప్పు కాదు. ఆ రద్దీ కొన్ని హబ్‌లకే పరిమితమవుతుందన్న భాగమే తప్పింది. జనం పెరిగినకొద్దీ కొత్త మార్గాలు తెరుచుకున్నాయి, ఒక పెద్ద ప్రవాహం అనేక పాయలుగా చీలింది. మున్ముందు రన్‌వేలు కట్టే స్థలం, పర్యావరణ అనుమతులు నిజంగా దొరకని రోజు వస్తే పెద్ద విమానం అవసరం మళ్లీ పుడుతుంది. అప్పటి విమానం రెండు ఇంజన్లతో, మడిచే రెక్కలతో, ఉన్న గేట్లలో ఇమిడేదిగా ఉంటేనే సంస్థలు కొంటాయి. విమానాశ్రయం తనకోసం మారాలని కోరే విమానానికి మార్కెట్టు ఎంత చిన్నదో 251 అనే సంఖ్య చెబుతోంది.